అంచున పేరు

పర్లాకిమిడిలో లక్కోజు అప్పలాచారి కొట్లో
వెండి కరిగే ముందు నాకు కబురొస్తుంది:
"మాస్టారూ, ఇంకో రాజుగారి బుర్ర దొరికింది, రండి."

ముప్పై ఏళ్ళు చిన్న రైలు స్టేషన్లో
అట్ట టికెట్లకు చిల్లులు పొడిచిన వేళ్ళు నావి.
నంబరు కనబడితే ఆగలేవు.
నౌపడా నుంచి గుణుపురం దాకా
ఎక్కినవాడు ఎక్కడో ఒకచోట దిగే ఉంటాడని
ఇప్పటికీ ఒక నమ్మకం.

ఈసారిది మూడు తులాలు.
ఒకవైపు కిరీటం లేని రాజు.
వెనక, బట్టల్లేకుండా గుర్రమెక్కినవాడు,
గిట్టల కింద పుర్రె.
నాకు కావలసింది అవి కాదు.
బిళ్ళని నిలువుగా పట్టుకుని భూతద్దంలోంచి
అంచు చుట్టూ నడిచాను:
నంబరు, డ్రైవరు, జుగ్గా రో, కంచరగాడిదల దళం.
ఏ ఇంగ్లీషు గుమస్తా నోట్లోనో నలిగిన జగ్గారావు.
ఆచారి కాటాలో వేసి వెండి ధరే పుచ్చుకున్నాడు.
పేరుకి తరుగు తీయలేదు.

జాబితాల్లో దొరికాడు, ఎనిమిది నెలలకి.
బస్రా. పందొమ్మిది వందల పదిహేడు. విషజ్వరం.
ఊరు, కాశీనగరం దగ్గర.

వెళ్ళాను.
మనవడు బెహరా నీలాద్రి మజ్జిగిచ్చి
గోడ మీద ఫోటో చూపించాడు:
కర్రా, కండువా, నెరిసిన మీసం.
"మా తాతే. నలభై ఆరులో పోయాడు, పనసతొనలు అరక్క."

చచ్చిన ఇరవై తొమ్మిదేళ్ళకి అరక్క!

వంటింట్లో ఆవకాయ జాడీ మీద మూత,
చిన్న పళ్ళెమంత కంచు బిళ్ళ.
సింహం, త్రిశూలం పట్టిన ఆడమనిషి,
ప్రాణమిచ్చినవాడికి దొరల మెచ్చుకోలు,
పక్కన జగ్గారావు పేరు.
బతికినన్నాళ్ళూ ఆ మూత తీసే
అన్నం కలుపుకున్నాడు జగ్గారావు.

నీలాద్రి దాచలేదు. నవ్వాడు కూడా.
"ఇంటికో మనిషిని ఇమ్మన్నారట. తాత పేరు మీద మా గోతిని పంపేశారు.
ఎనిమిది రూపాయల అప్పు కొట్టేశారట."
గోతి అంటే అక్కడ అప్పుకింద కట్టుబడ్డ మనిషి.
నాకొచ్చిన తెలుగులో
ఆ మాట దగ్గర కాలు చూసుకుని వేస్తాం.

"పేరా? ఎవడికి తెలుసు. సవరోడు. గుమ్మ వైపు."

ఇన్నాళ్ళూ పేరు పట్టుకుని మనిషిని వెతికాను.
ఇప్పుడు మనిషి ఉన్నాడు, పేరు లేదు.
మూడు వానాకాలాలు పట్టింది.

కొండ మీద సుకుంతి రైతా,
డెబ్భై దాటిన మనిషి, కొండచీపుళ్ళు కడుతూ
తలెత్తకుండానే చెప్పింది.
"సొంబురు. మా తాతకి అన్న. బస్తరు ఎల్లిపోనాడు."
బస్రా, అన్నాను.
"బస్తరే. అలగే సెప్పినారు.
మా తాత ఎతుక్కుంటూ ఎల్లినాడు, జయపురం దాటి, ఇంద్రావతి దాటి,
రెండు పంటల కాలం.
ఏ సంతలో అడిగినా నేడన్నారు."

ఒక్క తకారం ఎక్కువై
మధ్యలో సముద్రం మాయమైంది.

బిళ్ళ ఆమె చేతిలో పెట్టాను.
చీపురుపుల్లతో అంచు గీకి చూసింది.
"ఇందల ఆడి పేరు ఏది?"
లేదమ్మా.
"మరి ఆ ఊరు ఏ దిక్కు?"
పడమర, అన్నాను. బస్తరు దాటాక, ఇంకా చాలా దూరం.

చీపురు ఒళ్ళో పెట్టుకుని ఆ వైపు కొండను చూసింది, చాలాసేపు.
"అయితే మా తాత దారి తప్పనేదు.
బేగి ఆగిపోనాడు, అంతే."

బిళ్ళ తీసుకోలేదు. ఆ జగ్గారావుది గదా, అంది.
రెండు చీపుళ్ళు కొనమంది.

ఆఖరి బస్సులో
జేబులో రాజు,
ఒళ్ళో చీపుళ్ళు, దారి పొడుగునా నూగు రాలుస్తూ.